గేరు రాడ్డుకి గోడ ఎక్కడుండాలి: సిమ్ రేసింగ్ కోసం ఇంట్లో చేసిన షిఫ్టర్, ఒక కేస్ స్టడీ

మా అక్క కొడుకు ఫోన్ చేసి "మామయ్యా, రెండో గేరు పడట్లేదు, ఒకసారి వచ్చి చూడు" అంటే, మొదట గేమ్ సెట్టింగుల్నే అనుమానించాను. ఆదివారం వెళ్లి షిఫ్టర్ (కంప్యూటర్ కారు ఆటలకి వాడే గేరు రాడ్డు) పెట్టె మూత తీశాను. రెండో గేరు దగ్గరి మైక్రోస్విచ్ మీట వెనక్కి వంగిపోయి ఉంది. మూడో గేరు స్విచ్‌కి అసలు మీటే లేదు. అది పెట్టె అడుగున దొరికింది. పెట్టె ఎవరో చేసింది కాదు, నేను చేసిందే. చేసి పట్టుమని మూడు వారాలు కాలేదు.

నేను టూల్ రూమ్‌లో జిగ్గులూ ఫిక్చర్లూ (మెషీన్ మీద ముక్కని సరైన చోట పట్టి ఉంచే సాధనాలు) గీసే మనిషిని. పద్దెనిమిదేళ్లుగా అదే పని. కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదటి వారంలోనే ఒక మాట చెబుతుంటాను: జాబ్ (అంటే ఆ ముక్క) ఎక్కడ కూర్చోవాలో చెప్పేది లొకేటరు, కదలకుండా పట్టేది క్లాంపు, ఒకదాని పని ఇంకోదానితో చేయించొద్దు. అది చెప్పే నేనే ఒక చిన్న ప్లాస్టిక్ స్విచ్ చేత మూడు పనులు చేయించాను. రాడ్డుని ఆపడం దాని పనే, గేరులో పట్టి ఉంచడం దాని పనే, గేరు పడిందని కంప్యూటర్‌కి చెప్పడమూ దాని పనే. అది చేతులెత్తేసింది. ఆ మూడు పనుల్నీ విడదీయడానికి నాకు మరో ఐదు నెలలు పట్టింది.

కంప్యూటర్‌కి ఏం కావాలి, చేతికి ఏం కావాలి

వాడి దగ్గరున్నది లాజిటెక్ జీ29 స్టీరింగు. దాంతో క్లచ్‌తో సహా మూడు పెడల్స్ వస్తాయి గానీ గేరు రాడ్డు రాదు, విడిగా కొనుక్కోవాలి. స్టీరింగు వెనకున్న రెండు రెక్కలతో గేర్లు మార్చుకోవచ్చు. కానీ యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో లారీ తోలుతూ, అసెట్టో కోర్సాలో పాత కార్లు నడుపుతూ, ఎడమ కాలికీ ఎడమ చేతికీ పని లేకుండా కూర్చోవడం వాడికి నచ్చలేదు. "కొనేద్దాంలే" అన్నాడు వాళ్ల నాన్న. "ఎందుకు బావా, నేను చేస్తాగా" అన్నాను. అలా ఇరుక్కున్నాను.

గేమ్ వైపు నుంచి చూస్తే ఈ పని చాలా చిన్నది. ఒక్కో గేరు ఒక్కో బటన్. బటన్ నొక్కి ఉన్నంతసేపు ఆ గేరులో ఉన్నట్టు, వదిలితే న్యూట్రల్. ఆరు గేర్లకి ఆరు బటన్లు. రాడ్డు అక్కర్లేదు, ఆరు కాలింగ్‌బెల్ స్విచ్‌లు వరసగా బిగించినా కారు నడుస్తుంది. మిగతా కష్టమంతా చెయ్యి కోసం. చేతికి న్యూట్రల్ ఎక్కడుందో చూడకుండా తెలియాలి, గేరు పడేటప్పుడు చిన్న గుట్ట ఎక్కి దిగినట్టుండాలి, చివర్లో గట్టి గోడ తగలాలి.

ఆ గుట్ట ఎంత గట్టిగా ఉండాలో తెలియక, సూట్‌కేసు తూచే కొక్కెం తక్కెడ తీసుకెళ్లి మా పాత కారు గేరు నాబ్‌కి తాడుతో కట్టి లాగాను. ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి పదిసార్లు లాగితే 2 నుంచి 3 కేజీల మధ్య చూపించింది. పక్కకి లాగితే కేజీకి కాస్త అటూ ఇటూ. నాబ్ ముందుకి వెళ్లే దూరం దాదాపు 5 సెంటీమీటర్లు. చూసిన వాచ్‌మన్ "బండికేమైంది సార్" అని అడిగాడు. ఆ రోజు కాగితం మీద రాసుకున్న ఈ మూడు అంకెలే చివరిదాకా నా డ్రాయింగుకి ఆధారం. ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే ముందు తక్కెడ కొనమంటాను, స్విచ్‌లు తర్వాత.

మొదటి పెట్టె

దాని గురించి ఎక్కువ చెప్పను. 12 మి.మీ. ప్లైవుడ్ పెట్టె, కింద ఒక రాడ్ ఎండ్ బేరింగు (రాడ్డు ఎటైనా వాలేలా పట్టే గుండ్రటి కీలు), అందులో 8 మి.మీ. మర రాడ్డు, పైన 5 మి.మీ. యాక్రిలిక్ షీటులో జిగ్‌సాతో కోసిన హెచ్ ఆకారపు గాడి, ఆ షీటునే గేటు అంటాను. గాడి ఆరు చివరల్లో ఆరు మైక్రోస్విచ్‌లు. రాడ్డు వెళ్లి స్విచ్ మీటని నొక్కుతుంది, అక్కడే ఆగుతుంది.

లెక్క కట్టి ఉంటే ముందే తెలిసేది. పివట్ (రాడ్డు ఊగే కీలు) నుంచి నాబ్ 240 మి.మీ., పివట్ నుంచి గేటు 80 మి.మీ. అంటే నాబ్ దగ్గర పెట్టిన బలం గేటు దగ్గర మూడింతలవుతుంది. రేసు చివరి ల్యాపులో ఇరవై ఏళ్ల కుర్రాడు 10 కేజీల బలంతో కొట్టడం పెద్ద విషయం కాదు. అది స్విచ్ మీదకి వచ్చేసరికి 30 కేజీలు. ఆ స్విచ్ పనిచెయ్యడానికి కావాల్సింది గ్రాముల్లో.

స్విచ్ ఒక్కటే కాదు, రాడ్డు కూడా గేటుని తినేసింది. మర రాడ్డు కదా, పళ్లున్నట్టే లెక్క. రాడ్డు తిరిగే చోటల్లా యాక్రిలిక్ అంచు రంపంతో రాసినట్టు తెల్లగా పొడి రాలి, 10 మి.మీ. గాడి కొన్నిచోట్ల 11 దాటింది. ఒకటి-రెండు గాడికీ మూడు-నాలుగు గాడికీ మధ్యనున్న నాలుక మొదట్లో, సూదిగా కోసిన మూల దగ్గర్నుంచి వెంట్రుకంత పగులు బయల్దేరింది. యాక్రిలిక్‌కి సూది మూల పడదు, గీత గీసి పెట్టినట్టే. ఇంకో సంగతి, రాడ్ ఎండ్ బేరింగు మీద నిలబడ్డ రాడ్డు తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. వారానికల్లా నాబ్ మీద గీసిన 1-2-3 బొమ్మ తూర్పుకి తిరిగిపోయింది.

రెండో పెట్టె: పివట్, గేటు

ఈసారి రాడ్డుకి స్వేచ్ఛ తగ్గించాను. ముందుకీ వెనక్కీ ఊగే ఒక ఉయ్యాల, దాని లోపల పక్కలకి మాత్రమే ఊగే రాడ్డు. ఉయ్యాలకి రెండు పక్కలా 608 బేరింగులు (లోపల 8, బయట 22, వెడల్పు 7 మి.మీ., స్కేటింగ్ చక్రాల్లో ఉండేవే). లోపలి పివట్ 8 మి.మీ. పిన్ను, ఇత్తడి బుష్షులు. ఇలా రెండు ఇరుసులు విడిపోయాక రాడ్డు తన చుట్టూ తాను తిరగదు. ఏ ఇరుసుకి కావాల్సిన స్ప్రింగు ఆ ఇరుసుకే వెయ్యొచ్చు. బేరింగులూ స్ప్రింగులూ హైదరాబాద్ రాణీగంజ్‌లో, పక్క ప్లేట్ల కటింగూ లేత్ పనీ బాలానగర్‌లో. లేత్ అన్న డ్రాయింగు తిప్పి తిప్పి చూసి "ఇది ఏ బండిది సార్?" అన్నాడు. గేముకి అని చెబితే ఇంకో పది రూపాయలు ఎక్కువ అడుగుతాడేమోనని "పిల్లల సైకిల్‌ది" అన్నాను. నమ్మలేదు.

గేటుని 5 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటులో లేజర్ కటింగ్ చేయించాను. గాడుల మధ్య దూరం 16 మి.మీ. పెట్టుకున్నాను. మూడింతల లెక్కన నాబ్ దగ్గర 48 మి.మీ. న్యూట్రల్ నుంచి గేరు చివరకి 17 మి.మీ., నాబ్ దగ్గర 51. మా కారులో కొలిచినదానికి దగ్గరే. రాడ్డు ఇప్పుడు 10 మి.మీ. బ్రైట్ బారు, నున్నటిది. గాడి వెడల్పు 10.6.

ప్లేటు తెచ్చి బిగిస్తే మధ్య గాడిలో రాడ్డు వెన్నలో కత్తిలా వెళ్లింది. ఒకటో గేరు వైపు తిప్పి తోస్తే బిగుసుకుపోయింది. ఐదో వైపూ అంతే. అంచుల్లో లేజర్ వదిలిన చీమిడి ఉందేమోనని ఆకురాయి పట్టాను. రెండు గంటలు రుద్దాను. మార్పు లేదు. చివరికి వెర్నియర్ పక్కన పడేసి, కళ్లు ప్లేటు ఎత్తుకి దించి చూస్తే అప్పుడు వెలిగింది: రాడ్డు పక్కకి వాలి ఉంది!

నిటారుగా ఉన్న 10 మి.మీ. కడ్డీకి 10.6 గాడి చాలు. కానీ పక్క గాడిలోకి వెళ్లేసరికి కడ్డీ 11 డిగ్రీలకి పైగా వాలుతుంది. వాలిన కడ్డీ 5 మి.మీ. మందం ప్లేటులోంచి దూరాలంటే, కడ్డీ వెడల్పుతో పాటు మందం వెంట జరిగే అడ్డదూరం కూడా కలపాలి. 10.2, దానిమీద ఇంకో 1.0, మొత్తం 11.2 మి.మీ. కావాలి. నేను డ్రాయింగుని పైనుంచి చూస్తూ గీశాను, కాగితం మీద రాడ్డు ఎప్పుడూ గుండ్రటి చుక్కే. పద్దెనిమిదేళ్ల అనుభవం ఇక్కడ అక్కరకి రాలేదు.

గాడిని 11.4 చేసి ఊరుకోవచ్చు. అప్పుడు మధ్య గాడిలో రాడ్డు లొడలొడలాడుతుంది, గాడుల మధ్య నాలుక ఇంకా సన్నబడుతుంది. అందుకని రాడ్డునే మార్చాను. గేటు తగిలే ఎత్తులో 10 మి.మీ. గోళీ ఆకారం ఉంచి, దాని పైనా కిందా 8 మి.మీ.కి తరిగించాను. గోళీ ఎటు వాలినా దాని వెడల్పు 10 దాటదు కదా. కాకపోతే రాడ్డు మూలలకి వెళ్లినప్పుడు గోళీ వృత్తం మీద తిరుగుతూ దాదాపు 3.5 మి.మీ. కిందికి దిగుతుంది. ప్లేటు మందం మధ్యకీ న్యూట్రల్‌లో గోళీ మధ్యకీ సరిగ్గా జత చేస్తే, మూలల్లో గోళీ పొట్ట ప్లేటు కిందకి జారిపోతుంది. ప్లేటుని 1.5 మి.మీ. కిందికి దించాను. ఇప్పుడు న్యూట్రల్‌లో గోళీ కాస్త పైకి, మూలల్లో కాస్త కిందికి, రెండు చోట్లా ప్లేటు మందంలోనే ఉంటుంది.

ఇక రెండు నుంచి మూడుకి మార్చడం. ఏ గేరు రాడ్డుకైనా అసలు పరీక్ష ఇదే. ఎడమ గాడిలో వెనకనుంచి బయల్దేరి, న్యూట్రల్ అడ్డగాడిలో కుడికి జరిగి, మధ్య గాడిలో ముందుకెళ్లాలి. నెమ్మదిగా చేసేటప్పుడు ఇంగ్లిష్ జెడ్ గీసినట్టే. వేగంగా చేసేటప్పుడు చెయ్యి జెడ్ గీయదు, ఏటవాలుగా ఒకే తోపు తోస్తుంది. అప్పుడు గోళీ నాలుక మూలకి కొట్టుకుని ఆగిపోతే గేరు తప్పినట్టే. మూలని గుండ్రం చెయ్యాలి. ఎంత గుండ్రం? నాలుక వెడల్పు 16లో 10.6 పోగా 5.4 మి.మీ. రెండు మూలలకీ సమంగా పంచితే వ్యాసార్ధం 2.7 దాటడానికి లేదు. నేను 2.5 ఇచ్చాను, అంటే నాలుక కొస దాదాపు వేలి కొనలా అయింది. ముందు పాత ప్లేటు మీదే అర్ధచంద్రాకారపు ఆకురాయితో ఒక్క మూల రుద్ది, వాడి చేత వందసార్లు 2-3 వేయించి, తప్పనప్పుడే డ్రాయింగు మార్చాను.

ఆ నాలుక నిలుస్తుందా అన్నది కూడా చూసుకున్నాను. 17 మి.మీ. పొడవు, 5.4 వెడల్పు, 5 మందం. పక్కనుంచి కొసమీద 15 కేజీలు పడితే మొదట్లో వచ్చే ఒత్తిడి 103 మెగాపాస్కల్ దాకా ఉంటుంది. ఎంఎస్ 250 దగ్గర వంగడం మొదలుపెడుతుంది కనక పర్లేదు. యాక్రిలిక్ 70 ప్రాంతంలోనే విరుగుతుంది. మొదటి పెట్టెలో ఆ పగులు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది, నా జిగ్‌సా పనితనాన్ని ఒక్కదాన్నే తిట్టుకోనక్కర్లేదు.

ఇనుము ఇనుముకి కొట్టుకుంటే వచ్చే చప్పుడు ఇంకో తలనొప్పి. మొదటి రాత్రే పక్కగదిలోంచి అక్క "ఏంట్రా ఆ ఠంగు ఠంగు, పడుకోనివ్వరా?" అని కేకేసింది. గేటు నాలుగు స్క్రూల కిందా పైనా సైకిల్ ట్యూబు ముక్కలు వాషర్లలా కోసి వేశాను. ఠంగు కాస్తా టక్కు అయింది.

గుట్టా, గుంటా

గేరులో పట్టి ఉంచే పని ఇప్పుడు ఉయ్యాలది. దాని అడుగున మూడు గుంటలున్న ఒక ప్లేటు. మధ్య గుంట న్యూట్రల్, ముందూ వెనకా గేర్లు. కిందనుంచి స్ప్రింగు తోస్తున్న చిన్న బేరింగు ఆ గుంటల్లో పడుతూ లేస్తూ దొర్లుతుంది. మూడు గాడులకీ ఈ ఒక్క ఏర్పాటే సరిపోతుంది, ఎందుకంటే రాడ్డు పక్కకి జరిగినా ఉయ్యాల కదలదు.

స్ప్రింగు ఎంత గట్టిది కావాలి? నాబ్ దగ్గర 2 కేజీలు అనుకుంటే, 240 మి.మీ. చెయ్యి మీద అది 4.7 న్యూటన్ మీటర్లు. బేరింగు పివట్‌కి 50 మి.మీ. దూరంలో ఉంది, గుంట గోడ వాలు 35 డిగ్రీలు. వెనక్కి లెక్కేస్తే స్ప్రింగు తోపు 14 కేజీలకి కొంచెం తక్కువ తేలింది. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా ఇంట్లో ఖాళీగా పడుంది కదా అని ముందు బైకు క్లచ్ స్ప్రింగు వేశాను. నాబ్ దగ్గర తక్కెడ 5 కేజీలు చూపించింది. మా వాడు పది నిమిషాలు "భలే ఉంది మామయ్యా, లారీలా ఉంది" అన్నాడు. అరగంటకి మోచెయ్యి పట్టుకున్నాడు. పైగా ప్రతి గేరుకీ బల్ల జరుగుతోంది. తర్వాత లెక్క ప్రకారమే కొన్నాను.

స్ప్రింగులు కొనేటప్పుడు తీగ మందం మీద కన్నుండాలి. చుట్టు వ్యాసం, చుట్ల సంఖ్య అవే ఉండి తీగ 1.6 నుంచి 2 మి.మీ. అయితే గట్టిదనం పావు వంతు పెరగదు, దాదాపు రెండున్నర రెట్లవుతుంది. మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది మరి. షాపులో చూపుకి రెండూ ఒకటిలాగే ఉంటాయి.

స్ప్రింగు, గుంట, సెన్సరు, గోడ, వీటి వరస కుదర్చడానికి పట్టినంత సమయం మరి దేనికీ పట్టలేదు. గేటు దగ్గర మి.మీ.లలో చెబుతాను. న్యూట్రల్ నుంచి 8 దగ్గర గుట్ట శిఖరం. అది దాటగానే రాడ్డు దానంతటదే గేరులోకి జారుతుంది. 12 దగ్గర సెన్సరు "గేరు పడింది" అంటుంది. 15.5 దగ్గర బేరింగు గుంట అడుక్కి చేరుతుంది. 17 దగ్గర గోడ. మొదట్లో సెన్సరుని 7 దగ్గర పెట్టాను, త్వరగా పడుతుంది కదా అని. గుట్ట ఎక్కకముందే గేరు పడేది. చేతికింకా న్యూట్రల్‌లో ఉన్నట్టుంది, చెవికి ఇంజిన్ అరుస్తోంది. వాడు దాన్ని "దొంగ గేరు" అన్నాడు. అలాగే గుంట అడుగు, గోడ ఒకేచోట 17 దగ్గర పెట్టినప్పుడు, గుంటలో పూర్తిగా కూర్చోకముందే గోడ తగిలి రాడ్డు వెనక్కి నెట్టుకొచ్చేది. గుంటకీ గోడకీ మధ్య ఆ 1.5 మి.మీ. ఖాళీ వదిలాకే గేరు గేరులా అనిపించింది.

పక్క స్ప్రింగుల దగ్గర కూడా ఇదే పాఠం వేరే వేషంలో ఎదురైంది. రాడ్డు వదిలేస్తే మూడు-నాలుగు గాడి ఎదురుగా వచ్చి నిలబడాలి. చాలామంది చేసినట్టే చెరోవైపూ ఒక స్ప్రింగు పెట్టి ఒకదాన్నొకటి తోసుకోనిచ్చాను. రెండూ సమానమైన చోట ఆగుతుంది, నిజమే. కానీ సరిగ్గా అక్కడ బలం సున్నా. బుష్షుల రాపిడికి రాడ్డు ఒకసారి కాస్త ఎడమకి, ఒకసారి కాస్త కుడికి ఆగేది. చేతికి మధ్య ఎక్కడో తెలిసేది కాదు. దీనికి మందు స్ప్రింగులకి కూడా గోడ కట్టడమే. ఒక్కో స్ప్రింగు ముందు ఒక టోపీ, ఆ టోపీ మధ్య స్థానంలో ఉయ్యాల మీదున్న మెట్టుకి ఆని ఆగిపోతుంది. అందువల్ల ఎడమ స్ప్రింగు రాడ్డుని మధ్య దాటించి కుడికి తొయ్యలేదు, కుడిది ఎడమకి తొయ్యలేదు. రాడ్డు మధ్యనుంచి వెంట్రుకవాసి కదిలినా ముందే నొక్కిపెట్టిన బలం మొత్తం ఎదురొస్తుంది. నా స్ప్రింగు మి.మీ.కి 3.7 న్యూటన్లు, 8 మి.మీ. నొక్కి బిగించాను, పివట్‌కి 40 మి.మీ. పైన ఉంది. నాబ్ దగ్గర లెక్కేస్తే కదలడానికి అర కేజీ, గాడి చేరేసరికి ఒక కేజీ. కారులో తక్కెడ చూపించిందీ అంతే.

సెన్సర్లు, బోర్డు

స్విచ్‌లు పూర్తిగా తీసేశాను. లాజిటెక్ జీ25, జీ27 షిఫ్టర్లలో రాడ్డు స్థానాన్ని రెండు పొటెన్షియోమీటర్లు (రేడియో వాల్యూమ్ నాబ్ లాంటివి) చూస్తాయి. థ్రస్ట్‌మాస్టర్ టీహెచ్8ఏలో ఆ పని అయస్కాంతం, దాని బలాన్ని చదివే హాల్ సెన్సరు చేస్తాయి. ఒకదాన్నొకటి తాకవు కనక అరగడం ఉండదు. నేనూ హాల్ సెన్సర్లే తీసుకున్నాను, 49ఈ రకం, కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. ఉయ్యాల ఇరుసుకి ఒకటి, లోపలి ఇరుసుకి ఒకటి.

బోర్డు విషయంలో ఒక పూట వృథా అయింది. వాడి కాలేజీ ప్రాజెక్టులో మిగిలిన ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము రాసి వాడుకునే చిన్న బోర్డు) ఉంటే దాంతో మొదలుపెట్టాం. దాని ఏటీమెగా328పీ చిప్పుకి సొంత యూఎస్‌బీ లేదు, కంప్యూటర్‌కి తాను జాయ్‌స్టిక్‌నని చెప్పుకోవడం మామూలుగా దాని వల్ల కాదు. ప్రో మైక్రో అనే ఇంకో బోర్డు తీసుకుంటే అందులోని ఏటీమెగా32యూ4 నేరుగా గేమ్ కంట్రోలర్‌లా కనబడుతుంది. దీని మైక్రో యూఎస్‌బీ సాకెట్ మాత్రం బోర్డు మీదనుంచి ఊడి రావడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కేబుల్‌ని పెట్టెకి జిప్ టైతో కట్టేసి, సాకెట్ చుట్టూ హాట్ గ్లూ పోశాను. ఇంకోటి, ఇది పీసీకి మాత్రమే. ప్లేస్టేషన్‌కీ ఎక్స్‌బాక్స్‌కీ ఇలాంటి ఇంటి పరికరాన్ని గుచ్చితే గుర్తుపట్టవు.

బోర్డు ఒక్కో సెన్సరుని 0 నుంచి 1023 మధ్య అంకెగా చదువుతుంది. న్యూట్రల్‌లో 510 ప్రాంతం రావాలి, వచ్చింది. ముందుకి తోస్తే 700 దాకా వెళ్తుందనుకున్నది 560 దగ్గరే ఆగింది. అయస్కాంతాన్ని ఇనుప బ్రాకెట్‌కి అతికించాను, ఇనుము దాని బలాన్ని తన వైపు లాగేసుకుంటోంది. అల్యూమినియం ముక్క మీదకి మార్చి, పక్క ప్లేటుకి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం ఇచ్చేసరికి ముందుకి 690, వెనక్కి 330 వచ్చాయి.

ప్రోగ్రాములో చెప్పుకోవాల్సినవి రెండే. గేరు పడటానికి ఒక గీత, వదలడానికి ఇంకో గీత. 640 దాటితే పడింది, మళ్లీ 590 కిందికొస్తేనే వదిలింది. ఒకే గీత ఉంటే అంకె దాని మీద అటూ ఇటూ వణికినప్పుడు గేరు పడుతూ ఊడుతూ ఉంటుంది. రెండోది, ఏ గాడిలో ఉన్నామన్నది గేరు పడే క్షణంలో ఒక్కసారే చూడాలి, వదిలేదాకా మళ్లీ చూడకూడదు. మలుపులో వాడు తెలియకుండా రాడ్డు మీద చెయ్యి వేసి పక్కకి నొక్కుతుంటాడు. గాడిలో ఉన్న కొద్దిపాటి లూజుకి పక్క సెన్సరు అంకె సరిహద్దు దాటి నాలుగు కాస్తా రెండు అయిన రోజులున్నాయి. నాలుగులో ఉన్న రాడ్డు రెండులోకి వెళ్లాలంటే న్యూట్రల్ దాటక తప్పదు, గేటు ఇనుముతో చెబుతున్న సంగతే అది. ప్రోగ్రాము కూడా అదే నమ్మాలి.

రివర్సుకి నాలుగో గాడి పెట్టలేదు. ఆరో గేరు చోటే రివర్సు, నాబ్ కింద చిన్న మీట తిప్పితే ఆ చోటు ఆరో బటన్ బదులు ఏడో బటన్ పంపుతుంది. కొందరు రాడ్డుని కిందికి నొక్కి తిప్పే ఏర్పాటు చేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దానికోసం నా గోళీ లెక్కంతా మళ్లీ మార్చాలి. నాకు ఓపిక లేదు.

ఎండాకాలం

గుంటల ప్లేటు, స్ప్రింగు గూడు, సెన్సరు బ్రాకెట్లు మొదట త్రీడీ ప్రింటరులో పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో తీయించాను. జనవరిలో అంతా బాగుంది. మా వాడి గది డాబా మీద, రేకుల కప్పు. మే నెలలో ఒకరోజు న్యూట్రల్ మెత్తబడిందని ఫోన్. విప్పి చూస్తే స్ప్రింగు గూడు అరటిపండు తొక్కలా బయటికి వంగి ఉంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గది అంత వేడెక్కకపోయినా, రాత్రింబవళ్లు 14 కేజీల స్ప్రింగు తోస్తూ ఉంటే అంతకన్నా తక్కువ వేడిలోనే మెల్లగా సాగిపోతుంది. గుంటల అంచుల్లో కూడా బేరింగు దొర్లిన దారి గీతలా పడింది. గూడు, గుంటల ప్లేటు రెండింటినీ ఎంఎస్‌లో చేయించాను. బరువు మొయ్యని సెన్సరు బ్రాకెట్లు మాత్రం పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్‌లో మళ్లీ తీశాం, అది 80 దాకా ఓర్చుకుంటుంది.

నాబ్ కోసం మొదట జాంబాగ్‌లో ఒక పాత కారు నాబ్ కొన్నాను, దాని మర నా రాడ్డుకి కుదరలేదు. చివరికి టేకు ముక్క గుండ్రంగా తిప్పించి, అందులో నట్టు దిగ్గొట్టి ఆరాల్డైట్ పోశాను. చేతికి ప్లాస్టిక్ కన్నా ఇదే బాగుంది. చెమటకి జారదు.

రెండు పెట్టెలకీ కలిపి ఖర్చు ఏడు వేలు దాటింది, అందులో సగం పారేసిన ముక్కలకే. డబ్బు మిగులుతుందని మొదలుపెడితే నిరాశే. మా బావ ఇప్పటికీ ఆ లెక్క అడుగుతాడు.

ఎనిమిది నెలలుగా నడుస్తోంది. ఉయ్యాలలో లూజు రాలేదు, సెన్సరు అంకెలు మొదట రాసిపెట్టుకున్నవాటికి ఐదారు అంకెల తేడాలోనే ఉన్నాయి. మిగిలిన ఫిర్యాదు ఒక్కటే: కంగారులో ఐదు నుంచి నాలుగుకి దించేటప్పుడు అప్పుడప్పుడు రెండులో పడుతోంది. మన కార్లలోలా రాడ్డు వాడికి ఎడమ పక్కన ఉంది. ఐదో గేరు ఒంటికి దగ్గర, ఒకటి-రెండు గాడి దూరం. ఐదులోంచి లాగేటప్పుడు చెయ్యి ఒంటినుంచి దూరంగా ఊగుతుంది, ఆ ఊపుకి మధ్య గాడి దాటిపోతోంది. నిజం కారులో అయితే ఆ ఒక్క తప్పుకి ఇంజిన్ పోయేది. ఎడమ స్ప్రింగు వెనక 1 మి.మీ. వాషరు ఒకటి వేస్తే నాబ్ దగ్గర 60 గ్రాములు పెరుగుతుంది. ప్రస్తుతం రెండున్నాయి. తప్పులు సగానికి తగ్గాయన్నాడు. మూడోది వెయ్యమంటావా అంటే, వేస్తే ట్రాఫిక్‌లో లారీ ఒకటో గేరుకి చెయ్యి నొప్పెడుతుందని అంటున్నాడు. వాషరు మాత్రం పెట్టె అడుగున టేపుతో అంటించి ఉంచాను.